తపస్కాలానికి ఏం ఎంచుకోవాలి? ఏటా స్వీట్లు మానేయడమేనా?

ఊదారంగు_తెర
తపస్కాలం, అదే ఈస్టర్‌కి ముందు నలభై రోజులు, మొదలయ్యే విభూతి బుధవారం దగ్గర పడుతోంది, ఈసారి ఏం తీసుకోవాలో తేలడం లేదు. ఏటా స్వీట్లు మానేస్తాను. నలభై రోజులూ నిలబడతాను కూడా. పాస్కా పండుగ (ఈస్టర్) రోజు తినేస్తాను, అంతటితో అయిపోతుంది. నాలో ఏం మారిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. మా విచారణ (మా చర్చి పరిధి) వాట్సాప్ గ్రూపులో రోజుకొక పని చొప్పున నలభై గళ్ళ చార్టు ఒకటి తిరుగుతోంది. ఒకరోజు "ఎవరినైనా చూసి నవ్వండి", మర్నాడు "బీరువా సర్దండి". అది చూశాక ఇంకా నీరసం వచ్చింది.

మీరు ఏం ఎంచుకున్నారన్నది తర్వాత, ముందు ఎలా ఎంచుకుంటారో చెప్పండి. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, ఉద్యోగానికి రానూపోనూ చాలా టైం పోతుంది. "ఎక్కువగా ప్రార్థన చేయండి" అని వదిలేయకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అని చెప్పగలిగితే చెప్పండి.

మూడోవరుస_బెంచీ
మీ ఆవిడని అడగండి. "ఈ నలభై రోజులు నేను ఏది మానేస్తే ఇంట్లో అందరికీ బాగుంటుంది?" అని. జవాబు వెంటనే వస్తుంది.

పొద్దుటిపూజ
పై మాటకి నా ఓటు. మా ఆయన ఒక తపస్కాలం ముందు నన్ను ఇదే అడిగారు. "నేను మాట్లాడుతుంటే ఫోన్ చూస్తూ ఊఁ కొట్టడం మానండి" అన్నాను. స్వీట్ల జోలికి ఎవరం పోలేదు. రాత్రి భోజనం దగ్గర ఆయన ఫోన్ వేరే గదిలో ఉండేది. ఆ తపస్కాలం నాకు బాగా గుర్తుంది.

నిబంధనల_నాని
ముందు రెండు విషయాలు విడదీసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. తిరుసభ (కతోలిక చర్చి) అందరికీ పెట్టినది వేరు, మనంతట మనం తీసుకునేది వేరు.

అందరికీ పెట్టినది చాలా తక్కువ. ఒక్కపొద్దు ఉండాల్సింది విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), ఆ రెండు రోజులే. ఒకపూట నిండుగా భోజనం చేయవచ్చు, మిగతా రెండు పూటలా కావాలంటే కొద్దికొద్దిగా తీసుకోవచ్చు. 18 ఏళ్ళు నిండినప్పటి నుంచి 59 నిండేవరకు ఇది వర్తిస్తుంది. ఆ రెండు రోజులతో పాటు తపస్కాలంలో వచ్చే శుక్రవారాలు మాంసం మానాలి. ఇది 14 ఏళ్ళు నిండినవారందరికీ, ముసలితనం వచ్చిందని దీనికి మినహాయింపు లేదు. అసలు 1983 నాటి కానన్ చట్టం (తిరుసభ చట్టం) 1251వ నిబంధన ప్రకారం పెద్ద పండుగ పడితే తప్ప ఏడాది పొడవునా శుక్రవారాలన్నీ మాంసం మానాల్సినవే. అయితే ఏ దేశపు పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య అయినా దాని బదులు వేరే తపక్రియ పెట్టే వీలు 1253వ నిబంధనలో ఉంది. అందుకే దేశానికీ దేశానికీ తేడా కనిపిస్తుంది. ఇప్పుడున్న ఈ పద్ధతికి పునాది 1966లో ఆరవ పౌలు పోపుగారు ఇచ్చిన సవరణ.

ఇవి కాక, ఘోరపాపాలు ఉంటే ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), పాస్కా కాలంలో దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) స్వీకరించడం. అంతే.

స్వీట్లు మానాలని గానీ, ఫోన్ పక్కన పెట్టాలని గానీ ఏ చట్టంలోనూ లేదు. మీరు ఏది ఎంచుకున్నా అది మీ ఇష్టపూర్వకమైన కానుక. కాబట్టి మీ ఇంటికి, మీ బలహీనతకి, మీ టైంకి సరిపడేలా కుట్టించుకోవచ్చు. పక్కింటివాళ్ళ కొలతలు మీకెందుకు?

ఊదారంగు_తెర
నాని గారూ, ఇది ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అయితే నా చిక్కు కూడా అక్కడే ఉంది. చట్టం ఉన్నచోట ఆలోచించే పని లేదు. మిగతాదంతా నా చేతుల్లో ఉందంటేనే కాళ్ళు ఆడటం లేదు.

రాత్రిపాళీ
నేను ఆసుపత్రి వార్డులో రాత్రి డ్యూటీలు చేస్తాను. ఒక్కపొద్దు రోజున డ్యూటీ పడితే ఏం చేయాలని మా విచారణ గురువుల్ని అడిగాను. తెల్లవారుజామున మందుల మోతాదు చూసేటప్పుడు నాకు కళ్ళు తిరిగితే దెబ్బ తగిలేది రోగికి. "నీకు ఆరోగ్యంగా ఉండటమే అక్కడ నీ బాధ్యత, వేరేది తీసుకో" అన్నారు. రోగులు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఇలాగే ఫాదర్‌ని అడగండి. మొండికేసి పడిపోవద్దు.

నేను తీసుకున్నది చెబుతాను. పొద్దున డ్యూటీ అప్పజెప్పేటప్పుడు రిజిస్టరు తెరిచి బెడ్ నంబర్ల వరసన చెప్పుకుంటూ వెళతాం. నాలుగో బెడ్డు, జ్వరం తగ్గింది. ఐదో బెడ్డు, సెలైన్ ఆలస్యమైంది. సరిగ్గా అక్కడే "సాయంత్రం ఆవిడ మళ్ళీ చూసుకోకుండా వెళ్ళిపోయింది" అనే మాట వచ్చేస్తుంది. రోగికి సంబంధించింది ఏదీ దాచకూడదు. సెలైన్ ఎన్నింటికి అయిపోయింది, ఎన్నింటికి మార్చాం, అది చెప్పి తీరాలి. ఆవిడ గురించి విసురు మాత్రం వద్దు. పొరపాటు రిపోర్టు చేయాల్సినదైతే దానికి ఫారం ఉంది, అందులో రాస్తాను. అప్పజెప్పే ఆ కాసేపూ అక్కడ లేని మనిషి మీద మాట పడకూడదు. నా తపస్కాలం అంతా ఆ రిజిస్టరు దగ్గరే.

బల్లకట్టు
అక్కా, ఇది చదివి మా ఆఫీసు టీ బల్ల గుర్తొచ్చింది. అక్కడ ఈ నియమం పెడితే మాట్లాడటానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు 😀

తేనెపట్టు
అందరూ కోప్పడినా సరే, నేను ఒప్పుకోను. ఈ మధ్య ఎక్కడ చూసినా "తిండి మానడం పాతకాలపు పద్ధతి, దాని బదులు మంచి పని చేయండి" అంటున్నారు. మంచి పనులు ఏడాదంతా చేయాలి. ఉపవాసానికి ఉపవాసమే సాటి. ప్రభువు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసం ఉన్నారు. తపస్కాలపు మొదటి ఆదివారం ఏటా ఆ శోధనల సువార్తే చదువుతారు. ఆకలి వేసినప్పుడు నేను ఎంత బలహీనుణ్ణో నా ఒళ్ళే నాకు చెబుతుంది. ఏ పుస్తకం చదివినా అంత సూటిగా తెలియదు. ఉపవాసం లేని తపస్కాలం నాకు రుచించదు.

మూడోవరుస_బెంచీ
మా తాతగారు ఉపవాసం ఉన్న రోజు ఇంట్లో అందరం తపస్సు చేసేవాళ్ళం. ఆయన దగ్గరికి వెళ్ళే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

తేనెపట్టు
ఆ చిరాకు ఉపవాసం వల్ల పుట్టింది కాదు బెంచీ గారూ. లోపల ఉన్నది కడుపు ఖాళీ అయ్యాక బయటికి వస్తుంది. వచ్చినందుకు సంతోషించాలి, అప్పుడే కదా దాన్ని పాపసంకీర్తనానికి పట్టుకెళ్ళగలం.

పొద్దుటిపూజ
ఇంట్లోవాళ్ళు దాన్ని భరించాలి కదండీ మధ్యలో! అయినా మీ మాటలో నిజం ఉంది. తిండి మానడాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఒళ్ళు తగ్గడానికి మానుతూ దానికి తపస్సు అని పేరు పెట్టడంతోనే నా పేచీ. పండుగ దాకా రోజూ బరువు చూసుకుంటూ ఉంటే మనసు ఎక్కడ ఉన్నట్టు?

మఠం_మెట్లు
ఎలా ఎంచుకోవాలని కదా అడిగారు. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ తన మఠవాసులకు రాసిన నియమావళిలో 49వ అధ్యాయం పూర్తిగా తపస్కాలం గురించే. చాలా చిన్నది, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నేను ఏటా విభూతి బుధవారానికి ముందు చదువుతాను.

మఠవాసి జీవితం ఎప్పుడూ తపస్కాలంలాగే ఉండాలి గానీ అంత శక్తి కొందరికే ఉంటుంది, కనుక కనీసం ఈ రోజుల్లోనైనా శ్రద్ధగా ఉందాం అని మొదలుపెడతారు. రోజూ చేసే సేవకి కొంచెం కలుపుకోమంటారు: ఏకాంత ప్రార్థన, తిండిలో పానీయంలో తగ్గింపు, ఇంకా నిద్ర, కబుర్లు, వేళాకోళం. ఎవరికి వారు, తమ ఇష్టంతో, పవిత్రాత్మ ఇచ్చే సంతోషంతో. పాస్కా కోసం ఆనందంగా ఎదురుచూడమని కూడా అంటారు. ఇంత కఠినమైన జీవితం గురించి రాస్తూ అంత చిన్న అధ్యాయంలో సంతోషం మాట రెండుసార్లు తెచ్చారు, అది నాకు చాలా ఇష్టం.

తర్వాత వచ్చేది ముఖ్యం. ఏం చేయదలచుకున్నాడో ప్రతి ఒక్కరూ మఠాధిపతికి ముందుగా చెప్పి అనుమతి తీసుకోవాలి. చెప్పకుండా చేస్తే అది గర్వం కింద లెక్క, ప్రతిఫలం ఉండదు. అంటే మన తపస్సు మనమే రాసేసుకుంటే మనకి నచ్చినదే రాసుకుంటామని ఆయనకి తెలుసు.

దీనికి ముందరి అధ్యాయంలో ఇంకో మంచి విషయం ఉంది. తపస్కాలం మొదట్లో ఒక్కొక్కరికీ ఒక్కో గ్రంథం ఇస్తారు, దాన్ని మొదటి నుంచి చివరి దాకా వరసగా చదవాలి. అక్కడక్కడ తిరగేయడం కుదరదు. టైం తక్కువ ఉన్నవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది. ఒకే ఒక సువార్త తీసుకోండి. మార్కు సువార్త 16 అధ్యాయాలే. బస్సులో కూర్చుని చదవవచ్చు.

ఊదారంగు_తెర
మార్కు సువార్త బస్సులో. ఇది రాసుకున్నాను. కానీ మఠాధిపతి అనుమతి అంటే నాకు ఎవరున్నారు? పైగా మత్తయి సువార్త 6లో కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ఉంది కదా. విభూతి బుధవారం చదివే సువార్త కూడా అదే. ఎవరికైనా చెబితే రహస్యం పోయినట్టు కాదా?

నిబంధనల_నాని
అక్కడ ప్రభువు తప్పుపట్టింది మనుషులు చూడాలని చేయడాన్ని. సలహా కోసం ఒకరికి చెప్పడం అందులోకి రాదు. పాపసంకీర్తనం వినే ఫాదర్‌కి చెప్పండి. చెప్పి "ఇది నాకు తగినదేనా?" అని అడగండి.

బల్లకట్టు
స్టేటస్‌లో పెట్టడం మాత్రం వద్దు. "నలభై రోజులు నేను ఇక్కడ కనిపించను మిత్రులారా" అని ప్రకటించి వెళ్ళేవాళ్ళని చూస్తే ఆ సువార్త వాక్యమే గుర్తొస్తుంది నాకు.

రాత్రిపాళీ
కొందరికి నిజంగానే చెప్పాల్సిన అవసరం ఉంటుందండీ. వృద్ధ తల్లిదండ్రులు ఆ యాప్‌లోనే మెసేజ్ పెడతారనుకోండి, జవాబు రాకపోతే కంగారు పడిపోతారు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి విడిగా చెబితే సరిపోతుంది.

పాళీ_మేస్త్రి
ఉపవాసం గురించి ఇంత మాట్లాడుకుని యెషయా 58ని ఎవరూ ఎత్తలేదేం? విభూతి బుధవారం తర్వాత శుక్రవారం, శనివారం పూజల్లో మొదటి పఠనం అదే. మీరు ఉపవాసం ఉన్న రోజే మీ లాభం చూసుకుంటున్నారు, మీ పనివాళ్ళని పీడిస్తున్నారు, తగవులాడుతున్నారు అని ప్రవక్త నిలదీస్తాడు. దేవునికి కావలసిన ఉపవాసం ఏమిటో తర్వాత చెబుతాడు: అన్యాయపు కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడితో అన్నం పంచుకోవడం.

నా కింద షిఫ్టులో కొందరు పనిచేస్తారు. వాళ్ళ ఓవర్‌టైం కాగితాలు నా సంతకం అయితే గానీ అకౌంట్స్‌కి కదలవు. ఏ సూపర్‌వైజర్ టేబుల్ చూసినా ఆ కాగితాల దొంతర వారం ఆఖరు దాకా పడి ఉంటుంది. అందరూ ఒకేసారి పెడతారు, అదే అలవాటు. నేను తపస్కాలానికి తీసుకున్నది ఏమిటంటే, ఏ రోజు కాగితం ఆ రోజే చూసి సంతకం పెట్టి పంపడం. ఇంటికి బయల్దేరేసరికి ట్రే ఖాళీగా ఉండాలి. ఇందులో భక్తి ఏముందని ఒకరు అన్నారు. ఆ డబ్బు రెండు రోజులు ముందు చేతికి వస్తే ఆ ఇంట్లో ఏం తీరుతుందో నాకు తెలుసు, నేనూ ఆ ట్రేలో కాగితం వేసి ఎదురుచూసినవాణ్ణే.

తేనెపట్టు
మేస్త్రి గారూ, దీనికి నేను అడ్డు చెప్పను. మీ ట్రే, నా ఆకలి రెండూ ఉండాలి.

పాళీ_మేస్త్రి
ఉన్నాయండీ. శుక్రవారాలు మధ్యాహ్నం తినను. నా టిఫిన్ డబ్బా ఎటు పోతుందో మా వాళ్ళకి తెలియదు.

వీధిగేటు
నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇవాళ రాయాలనిపించింది. మా నాన్నకి మతిమరుపు జబ్బు. చూసుకునేది నేనొక్కదాన్నే. రోజూ పూజకి వెళ్ళలేను, శుక్రవారం స్లీవ మార్గానికి (సిలువ దారి ప్రార్థనకి) వెళ్ళలేను, ఉపవాసం ఉంటే ఆయన్ని లేపి కూర్చోబెట్టే ఓపిక ఉండదు. ఇలాంటి చర్చలు చదివితే నాకు తపస్కాలమే లేదేమో అనిపించేది.

సాయంత్రం చీకటి పడగానే ఆయనకి గాభరా మొదలవుతుంది. "గేటు వేశావా?" అంటారు. "వేశాను నాన్నా." దుప్పటి అంచు సర్దుకుంటారు, కిటికీ వైపు చూస్తారు, మళ్ళీ "గేటు వేశావా?" నిద్రపోయేదాకా అదే. ఫాదర్ గారు సత్ప్రసాదం తీసుకుని ఇంటికి వచ్చినప్పుడు అడిగాను, నేనేం చేయగలనని. ఆయన కాసేపు అక్కడే కూర్చుని ఇదంతా చూశారు. "ఆ ప్రశ్నకి ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు జవాబు చెప్పు, ఇంకేమీ అక్కర్లేదు" అన్నారు.

"ఇప్పుడే కదా చెప్పాను" అనే మాట ఆపడమే నా నియమం. కొన్నిసార్లు లేచి వెళ్ళి గొళ్ళెం చూసి వచ్చి చెబుతాను. అలా లేచి వెళ్ళిన రోజు ఆయన త్వరగా నెమ్మదిస్తారు.

మఠం_మెట్లు
అమ్మా, మీరు ఇంకేమీ వెతుక్కోకండి. తిరుసభ సత్యోపదేశ గ్రంథంలో 1435వ పేరా చూడండి. హృదయ పరివర్తన రోజువారీ బతుకులో ఎలా జరుగుతుందో అక్కడ వరసగా చెప్పారు: సమాధానపడటం, పేదల పట్ల శ్రద్ధ, న్యాయం కోసం నిలబడటం, తప్పు ఒప్పుకోవడం, ఆత్మశోధన, కష్టాలను ఓర్చుకోవడం. రోజూ తన సిలువ ఎత్తుకుని యేసుని అనుసరించడమే తపస్సుకి అన్నిటికంటే నిశ్చయమైన దారి అని అక్కడే ఉంది. మీరు చేస్తున్నది అదే.

పొద్దుటిపూజ
వీధిగేటు గారూ, మీకు కాస్త విరామం ఎవరిస్తున్నారు? మీ విచారణలో ఎవరైనా శుక్రవారం సాయంత్రం వచ్చి మీ నాన్నగారి దగ్గర కూర్చుంటే మీరు స్లీవ మార్గానికి వెళ్ళి రావచ్చు కదా. అడగడానికి మొహమాటపడకండి.

వీధిగేటు
ఎవరినీ అడగలేదండీ. కొత్తవాళ్ళు ఉంటే నాన్న భయపడతారు. ముందు రెండు మూడుసార్లు వచ్చి నాతో కూర్చుంటే అలవాటు పడతారేమో.

ఊదారంగు_తెర
పై రెండు పోస్టులు చదివి నా భార్యతో మాట్లాడాను. మా విచారణలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉంది. మంచం పట్టిన తల్లి, కొడుకు ఒక్కడే. అతను ఆదివారం పూజకి కూడా సగంలో వచ్చి సగంలో వెళ్ళిపోతాడు. మేమిద్దరం వంతులవారీగా ఆదివారం పొద్దున వాళ్ళింట్లో కూర్చుందామనుకున్నాం. ఒకరు మొదటి పూజకి, ఒకరు రెండో పూజకి వెళితే మాకేమీ ఇబ్బంది లేదు. రేపు వెళ్ళి అడుగుతాం, వాళ్ళకి ఇష్టమైతేనే.

మూడోవరుస_బెంచీ
మరి ఆవిడ ఏం మానమన్నారో అది చెప్పలేదు?

ఊదారంగు_తెర
అది రహస్యం, మత్తయి 6 😀

చిగురుకొమ్మ
నాకు చిన్న డౌట్. కాలేజీలో చదువుతున్నాను. పోయినేడు రోజూ జపమాల చెబుతానని అనుకుని మధ్యలో పరీక్షలప్పుడు ఆగిపోయింది. దేవుడికి మాటిచ్చి తప్పినట్టే కదా, అది పాపమా? ఆ భయంతో ఈసారి ఏమీ తీసుకోకూడదనుకుంటున్నాను.

నిబంధనల_నాని
మొక్కు వేరు, తీర్మానం వేరు. కానన్ 1191 ప్రకారం మొక్కు అంటే బాగా ఆలోచించి, స్వేచ్ఛగా, దేవునికే చేసే వాగ్దానం. అలాంటిది చేసి ఉంటే ఫాదర్‌తో మాట్లాడాలి. "ఈ నలభై రోజులు ఇలా చేద్దాం" అనుకోవడం తీర్మానం మాత్రమే. అది ఆగిపోతే, ఆగినంత మాత్రాన పాపం కాదు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. మానేసిన రోజుల బాకీ తీర్చాలని రాత్రంతా కూర్చోవద్దు తమ్ముడూ.

చిగురుకొమ్మ
చెల్లెల్ని అండీ 🙂 థాంక్స్, గుండె తేలికపడింది. జపమాలలో రోజుకి ఒక్క గుర్తు (పది పూసలు) చెబుతాను, కాలేజీకి నడిచేటప్పుడు.

పొద్దుటిపూజ
చాలా మంచి ఎంపిక తల్లీ. పరీక్షలప్పుడు కూడా నడిచే వెళతావు కదా, కాబట్టి నిలబడుతుంది.

బల్లకట్టు
ఆదివారాల సంగతేంటి? మా ఇంట్లో ఏటా గొడవ. ఆదివారం తినొచ్చని నేను, కూడదని మా అన్నయ్య.

తేనెపట్టు
కూడదు. ఆరు వారాలకి ఆరు సెలవులు తీసుకుంటే ఇంక పట్టుదల ఏముంటుంది?

నిబంధనల_నాని
లెక్క చూడండి. విభూతి బుధవారం నుంచి పవిత్ర శనివారం దాకా 46 రోజులు. అందులో 6 ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం ప్రభువు పునరుత్థాన దినం కనుక ఉపవాసం ఉండకపోవడం పాత సంప్రదాయం. అలాగని ఆ ఆదివారాలు తపస్కాలం బయటివి కావు, చాలావరకు ఊదారంగు వస్త్రాలే ఉంటాయి, అల్లెలూయ పాడరు. ఇప్పటి పూజాకాల నియమాల ప్రకారం తపస్కాలం పవిత్ర గురువారం సాయంత్రం ప్రభు భోజన పూజకి ముందు ముగుస్తుంది. మీ సొంత నియమం ఆదివారం ఉండాలా వద్దా అనేదానికి చట్టం లేదు. బుధవారానికి ముందే ఒకటి నిర్ణయించుకుని దానికే కట్టుబడండి. శనివారం రాత్రి పది గంటలకి మొదలుపెట్టే వాదన మాత్రం వద్దు.

రాత్రిపాళీ
నావరకు, మాట అదుపులో పెట్టుకోవడం లాంటివాటికి ఆదివారం సెలవు ఉండదు. తిండి విషయంలో తీసుకోవచ్చు.

మఠం_మెట్లు
దానం గురించి ఇంతవరకు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ప్రార్థన, ఉపవాసం, దానం మూడూ కలిసే ఉండాలి. ఐదో శతాబ్దంలో రవెన్నా పీఠాధిపతిగా ఉన్న పునీత పీటర్ క్రిసొలోగస్ ఒక ప్రసంగంలో, ప్రార్థన తలుపు తడుతుంది, ఉపవాసం సంపాదిస్తుంది, కరుణ అందుకుంటుంది అన్నారు. ఈ మూడింట్లో ఒక్కటే ఉన్నవాడికి ఏదీ లేనట్టే అని కూడా ఆయన మాట. బయట తినడం మానేస్తే మిగిలిన డబ్బు ఎటు వెళ్ళింది? ఖాతాలోనే ఉండిపోతే అది పొదుపు. వారం వారం తీసి పక్కన పెట్టండి, ఎవరికి ఇస్తారో మొదటి వారంలోనే తేల్చుకోండి. ఆఖర్లో చూద్దాంలే అనుకుంటే ఆ డబ్బు వేరే ఖర్చుల్లో కలిసిపోతుంది.

తాళంచెవి
నాది వేరే రకం కష్టం. అన్నయ్యకీ నాకూ ఆస్తి విషయంలో మాటలు ఆగిపోయి చాలా కాలమైంది. తపస్కాలం మొదటి వారం శుక్రవారం సువార్త మత్తయి 5లోది. పీఠం దగ్గర కానుక అక్కడే వదిలి ముందు నీ సోదరునితో సమాధానపడు అనే మాట. ఏటా ఆ శుక్రవారం పూజలో తల ఎత్తలేను. ఈసారి ఏం తీసుకోవాలన్నది నాకు తెలుసు, ఎలా మొదలుపెట్టాలన్నదే తెలియదు. ఫోన్ చేస్తే రెండో నిమిషంలో పాత లెక్కలు వస్తాయి.

పాళీ_మేస్త్రి
ఫోన్‌కి ముందు కొన్ని వారాలు ఆయన కోసం ప్రార్థన చేయండి, పేరు పెట్టి. "మా అన్నకి బుద్ధి రావాలి" అని కాదు సుమా. ఆయన ఆరోగ్యం, ఆయన పిల్లలు, ఆయన భయాలు. ఆ తర్వాత లెక్కలు లేని సందర్భం చూసి చేయండి, పుట్టినరోజో, ఎవరికైనా బాగోలేదని తెలిసినప్పుడో. మొదటి ఫోన్‌లో ఆస్తి మాట ఎత్తనని ముందే గట్టిగా అనుకోండి. ఆయన ఎత్తితే "అది తర్వాత మాట్లాడుకుందాం అన్నయ్యా, నువ్వెలా ఉన్నావో తెలుసుకుందామని చేశాను" అనండి.

రాత్రిపాళీ
ఒక్క మాట కలుపుతాను, ఇది చదివే ఇంకొకరి కోసం. కొట్టినవాళ్ళ దగ్గరికి, హింసించినవాళ్ళ దగ్గరికి తపస్కాలం పేరుతో ఒంటరిగా వెళ్ళాల్సిన అవసరం లేదు. క్షమించడానికి, వెనక్కి వెళ్ళి అదే ఇంట్లో ఉండటానికి చాలా తేడా ఉంది. వార్డులో దాని ఫలితాలు చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

తాళంచెవి
మాది అలాంటిది కాదక్కా, పంతాలే. మేస్త్రి గారు చెప్పినట్టు శుక్రవారాలు స్లీవ మార్గం అన్నయ్య కోసం చెబుతాను. మట్టల ఆదివారం (పాస్కాకి ముందు ఆదివారం) లోపు ఫోన్ చేస్తాను.

పొద్దుటిపూజ
పిల్లల గురించి కూడా అడగాలనుకున్నాను. 14 నిండనివాళ్ళకి ఏ నియమమూ లేదు కదా, వాళ్ళతో ఏం చేయిస్తున్నారు?

నిబంధనల_నాని
నియమం లేదు గానీ వదిలేయమని కూడా కాదు. కానన్ 1252లోనే, వయసు రానివాళ్ళకి తపస్సు అసలు అర్థం నేర్పే బాధ్యత గురువులకి, తల్లిదండ్రులకి ఉందని చెప్పారు.

వీధిగేటు
మా అక్క కూతురు చిన్నది, వచ్చినప్పుడల్లా తాత పక్కన కూర్చుని తన బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తుంది. ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది. పిల్లలకి "ఏం మానతావు?" కంటే "ఎవరికి ఏం చేయగలవు?" అని అడిగితే త్వరగా అందుకుంటారు.

తేనెపట్టు
మానడం కూడా నేర్పండి దయచేసి. తను అడిగింది ఒకరోజు దొరక్కపోయినా ఫర్వాలేదని పిల్లలకి తెలియాలి. బలవంతం మాత్రం వద్దు, దానిలో నేనూ మీతోనే.

కొత్తవెలుగు
ఇక్కడ నేను కొత్త. ఈ పాస్కా జాగరణలో (పండుగ ముందు రాత్రి పూజలో) జ్ఞానస్నానం తీసుకోబోతున్నాను. నాకు ఇదే మొదటి తపస్కాలం. మీరు రాసినవన్నీ చదివాక ఏది తీసుకోవాలో ఇంకా అయోమయంగా ఉంది. అన్నీ చేయాలనిపిస్తోంది.

మఠం_మెట్లు
చాలా సంతోషం! అసలు ఈ కాలం మొదటి నుంచీ మీలాంటివాళ్ళని సిద్ధం చేసే కాలం. 3, 4, 5 ఆదివారాల్లో మీ కోసం ప్రత్యేక ప్రార్థనలు ఉంటాయి. ఆ వారాల సువార్తలు సమరియ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు. మూడూ యోహాను సువార్తలోవే, 4, 9, 11 అధ్యాయాలు. ఆ ఆదివారాలకి ముందు వారమంతా ఆ ఒక్క అధ్యాయమే చదువుతూ ఉండండి. మిగతావి మీకు పాఠాలు చెప్పేవారిని అడిగి ఒక్కటే తీసుకోండి.

తాళంచెవి
మీ జ్ఞానస్నానపు పేరు నిర్ణయమైందా? ఇక్కడ రాయనక్కర్లేదు, మీ హ్యాండిల్‌తోనే మా ఇంటి ప్రార్థనలో కలుపుకుంటాం.

చిగురుకొమ్మ
నా ఒక్క గుర్తు జపమాల మీ కోసమే, పాస్కా జాగరణ దాకా.

కొత్తవెలుగు
నాకు మాటలు రావడం లేదు. ఒక ప్రశ్న మిగిలింది, విభూతి బుధవారం నాడు నేను కూడా విభూతి పెట్టించుకోవచ్చా? ఇంకా జ్ఞానస్నానం కాలేదు కదా.

నిబంధనల_నాని
పెట్టించుకోవచ్చు. విభూతి జ్ఞానస్నానంలాగా దివ్యసంస్కారం కాదు, ఎవరైనా స్వీకరించవచ్చు. సత్ప్రసాదం మాత్రం జ్ఞానస్నానం తర్వాతే. వరసలో వచ్చేయండి.